పద్దెనిమిది మోపులు

శీతశైలాన్ని కింద నుంచి చూసినవాళ్ళు పాలకడలి గడ్డకట్టిందంటారు, ముత్యాల రాశి పోశారంటారు, దేవేంద్రుడి ఏనుగు అలిసి పడుకుందంటారు. అవన్నీ కింద నిలబడి చెప్పే మాటలు. పైకెక్కినవాడు అలాంటివేమీ అనడు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఎవడికైనా ఉపమానాలు ఎక్కడ తోస్తాయి?

సూర్యుడు పొడిచే వేళకు గన్నయ ఆ కొండ కొన మీద, మాంత్రికుడి గుహ ముంగిట నిలబడి ఉన్నాడు. గుహ కప్పు నుంచి మంచు ఊడలు బారులు తీరి వేలాడుతున్నాయి. వాటి మీద తొలి ఎండ పడి గోడలంతా పగడాల రంగు పాకింది. మధ్యలో నాలుగు రాతి కాళ్ళ మీద నల్లరాతి తొట్టి, అందులో అంచుదాకా మంచు. ఆ మంచు లోపల, కళ్ళు మూసుకుని, యువరాణి ముత్యాల వడ్డాణం పెట్టుకుని, గన్నయ అక్క సోమక్క పడుకుని ఉంది. జడలోని సన్నజాజులు ఇంకా వాడలేదు. గన్నయ ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. ఇంకోసారి చూస్తే చేతులు ఆడవని అతనికి తెలుసు.

గన్నయ రాజకుమారుడు కాడు, సేనాపతి కొడుకూ కాడు. కుందనగిరి కోటలో వంటశాల పొయ్యిలకు పెద్ద. పదివేల విస్తళ్ళు లేచే పెళ్ళికి కూడా ఇన్ని మోపుల కట్టెలు చాలునని ముందురోజే చెప్పేవాడు. పెళ్ళయ్యాక చూస్తే మోపు మిగిలేదీ కాదు, తగ్గేదీ కాదు. తల్లి పోయాక అతణ్ణి పెంచినదీ, మొదటి పొయ్యి ముట్టించడం నేర్పినదీ సోమక్కే. నెల కిందట జంబుకేతుడనే మాంత్రికుడు తన హోమానికి రాచకన్య కావాలని కోట మీద పడితే, సోమక్క యువరాణి రత్నప్రభ నగలు తాను వేసుకుని, నేనే యువరాణినని వాడి ఎదుటికి నడిచిపోయింది. వాడు ఆమెను ఎత్తుకుపోయి ఈ మంచులో దాచాడు.

మాంత్రికుడి కొలువు నుంచి పారిపోయి వచ్చిన ఒక ముసలి సేవకుడు దీని మర్మం చెప్పాడు. తొట్టి అరవై కావళ్ళ నీళ్ళు పట్టేది. మంచును పగలగొట్టకూడదు, మంచు బీటవారితే లోపలి మనిషీ బీటవారుతుంది. మంటతోనే కరిగించాలి. కరిగితే చాలదు, ఆ నీళ్ళు గోరువెచ్చనయ్యేదాకా కాగాలి, అప్పుడే ఆమె నెత్తురు కదులుతుంది. పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు గుంకేలోగా ముగించాలి. గుంకాక అన్నీ మళ్ళీ గడ్డకడతాయి, ఆమెతోబాటు మంట పెట్టినవాళ్ళు కూడా. మాంత్రికుడు తెల్లవారగానే రాబందునెక్కి వెళ్ళి సాయంత్రానికి గానీ తిరిగి రాడు.

కుందనగిరి వంటవాళ్ళకు ఒక లెక్క ఉంది, తాతల నాటిది: నాలుగు కావళ్ళ నీళ్ళు మరగాలంటే ఒక మోపు. అరవై కావళ్ళకు పదిహేను. స్నానానికి చాలినంత వేడికైతే పదింట నాలుగు పాళ్ళు చాలు, అంటే ఆరు మోపులు. కొండ మీద చలి కదా అని గన్నయ దాన్ని రెట్టింపు చేసి పన్నెండు మోపులు కట్టాడు. నాలుగు గాడిదల మీద లోయ అంచుదాకా తెచ్చి, అక్కడి నుంచి పలకల వంతెన మీదుగా నెత్తిన మోసి చేర్చాడు. మోసినవాళ్ళు ఇద్దరే. రెండో మనిషి యువరాణి రత్నప్రభ. తలపాగా చుట్టి, మోకాళ్ళ పైకి పంచె కట్టి, విల్లు భుజాన వేసుకుని, దారి పొడుగునా గన్నయ తమ్ముడిగా నడిచింది. నా కోసం మంచులో పడుకున్న మనిషిని నేను తెచ్చుకోవద్దా అని ఆమె పట్టుబట్టి వచ్చింది.

గుహ వాకిట్లో కుండోదరుడనే భూతం కూర్చుని ఉన్నాడు. వాడి పని ఒక్కటే. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదలడం, అది నిండి మునగగానే ఘడియ అయిందని కేకవేయడం. ముప్పై గిన్నెలు మునిగితే పొద్దు గుంకినట్టు. మాంత్రికుడు వాడికి కాపలా పని చెప్పలేదు కనుక వాడు వీళ్ళను అడ్డుకోనూ లేదు, పలకరించనూ లేదు. వంద ఏళ్ళుగా ఆ చలిలో కూర్చుని వాడి పొట్ట నీలంగా మారింది.

గన్నయ తొట్టి కింద నాలుగు పొయ్యిలు పేర్చి ముట్టించాడు. పాలు కాచేవాడి నేర్పంతా చూపించి సన్నని సెగ పెట్టాడు. కట్టె వృథా కాకూడదని అతని తాపత్రయం. ఒక్కో పొయ్యి పది ఘడియలకు ఒక మోపు తిన్నది. మంచు అంచుల్లో నీళ్ళు ఊరాయి. కుండోదరుడు ఒకటన్నాడు, రెండన్నాడు, అలా పదన్నాడు.

పదో గిన్నె మునిగాక గన్నయ ఆ నీళ్ళలో వేలు పెట్టి చూశాడు. వేలు తెగిపోయినట్టనిపించింది. నాలుగు మోపులు బూడిదయ్యాయి, నీళ్ళు రవ్వంత కూడా వెచ్చబడలేదు. గన్నయకు భయం వేసింది. కోటలో ఏ పొయ్యి దగ్గరా అతనికి ఎన్నడూ వేయని భయం అది.

రత్నప్రభ మెల్లగా అడిగింది. “లెక్క తప్పిందా గన్నయా?”

“తాతల లెక్క తప్పలేదమ్మగారూ. నేనే మంచుని చన్నీళ్ళనుకున్నాను. మా ఇంట్లో మంచు ఉడకేసినవాడెవడూ లేడు.”

వగచే తీరిక లేదు. గుహ మూల గాలి తగలని చోట అతను మూడు రాళ్ళు పెట్టాడు. నేల మీది మంచు చెంబు నిండా దూసి పెట్టి, ఒక కట్టెను ఒకే పొడుగు, ఒకే లావు పుల్లలుగా చీల్చి, ఒక్కొక్కటే కాల్చాడు. మొదటి పుల్ల, రెండో పుల్ల, అయిదో పుల్ల. మంచు తరుగుతోంది గానీ నీళ్ళు మొదట ఎంత చల్లగా ఉన్నాయో అంతే చల్లగా ఉన్నాయి. ఎనిమిదో పుల్లతో ఆఖరి మంచుపలుకు మాయమైంది. ఎనిమిది పుల్లల వేడి ఎటు పోయిందో తెలియలేదు, అంతా మంచే మింగి కూర్చుంది. అక్కడి నుంచి మాత్రం నీళ్ళు బుద్ధిగా కాగాయి. నాలుగు పుల్లలకు గోరువెచ్చన, పదికి మరుగు.

పది పుల్లలంటే తొట్టి లెక్కలో పదిహేను మోపులు. ఒక పుల్లకు మోపున్నర. అయితే మంచు ఊరికే నీరు కావడానికే పన్నెండు మోపులు, ఆ నీరు వెచ్చబడడానికి ఇంకో ఆరు. మొత్తం పద్దెనిమిది. గన్నయ తెచ్చినవి పన్నెండు. సోమక్కను మంచులోంచి తీసి మంచునీళ్ళలో పడుకోబెట్టడానికి సరిగ్గా సరిపోయేటన్ని.

అంతటితో అయితే బాగానే ఉండును. అతను కుండతో తొట్టిలో కరిగిన నీళ్ళు తోడి, కొలిచి, మళ్ళీ పోశాడు. పది కావళ్ళు. పది కావళ్ళ మంచు కరగడానికి రెండు మోపులు చాలు, కాలినవి నాలుగు. మిగతా రెండూ కొండ తినేసింది. మనం మంట పెడుతున్నంతసేపూ చలి అవతల నుంచి వేడిని లాక్కుంటూనే ఉంటుంది. అయిదు ఘడియలకు ఒక మోపు దాని మామూలు. సన్నని సెగ పెట్టి పొదుపు చేశాననుకున్నవాడు రెండు మోపులు కొండకు మేపాడు.

ఇంకా కావలసినవి పదహారు. మిగిలిన ఇరవై ఘడియలూ ఇలాగే కూర్చుంటే కొండ తినేది నాలుగు, మొత్తం ఇరవై. పది ఘడియల్లో ముగిస్తే కొండ వాటా రెండే, మొత్తం పద్దెనిమిది. నాలుగు మోపులు కాల్చాక కూడా లెక్క పద్దెనిమిది దగ్గరే నిలిచింది. చేతిలో ఉన్నవి ఎనిమిది.

గన్నయ యువరాణికి రెండు మాటల్లో చెప్పాడు. “ఎన్ని కట్టెలన్నదొకటే కాదమ్మగారూ, ఎంత జోరుగా కాల్చామన్నది కూడా ఉంది. నాలుగు పొయ్యిలు చాలవు, తొమ్మిది కావాలి. ఒక్కోటీ అయిదు ఘడియలకో మోపు తినాలి. అలా రెండు విడతలు.”

“పొయ్యిలు పెట్టొచ్చు. పది మోపులు ఎక్కడ తెస్తావు? చెట్టన్నది లేదు కదా ఈ కొండ మీద.”

గన్నయ లోయ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. వంతెనకు అరవై పలకలు, టేకువి, ఎండి గలగలమంటున్నవి. ఆరు పలకలు ఒక మోపు. వాటిని తీస్తే వెనక్కి దారి లేదు. వంతెన అవతల గాడిదలు తోకలూపుతూ నిలబడి ఉన్నాయి.

రత్నప్రభ వయసు పద్దెనిమిదేళ్ళు, కుందనగిరికి ఆమె తప్ప వారసులు లేరు. ఆమె తలపాగా బిగించుకుని, పొయ్యిలు తాను చూసుకుంటానని, పలకలు త్వరగా తెమ్మని చెప్పింది.

గన్నయ గొడ్డలి నడుముకు దోపుకుని వంతెన అవతలి కొసకు వెళ్ళాడు. గాడిదల తాళ్ళు కోసి తరిమాడు, అవైనా ఇల్లు చేరతాయని. అక్కడి నుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ ఒక్కో పలక కట్టు తెంపి, నలుగురైదుగురు చేసే పని తానొక్కడే చేస్తూ ఇవతలికి ఈడ్చాడు. కాళ్ళ కింద లోయ అడుగు కనబడదు, పొగమంచు సుడి తిరుగుతూ ఉంటుంది. గాలి ఈలవేసినప్పుడల్లా తాళ్ళు ఊయలలాగా ఊగాయి. నలభై పలకలు వచ్చాయి, యాభై వచ్చాయి. ఇంకా మూడు మిగిలాయనగా కుడిచేతి వైపు మోకు పట్టున తెగింది. ఆ మూడు పలకలూ లోయలో పడ్డాయి. గన్నయ కూడా పడవలసినవాడే. ఎడమ మోకు చేతికి చిక్కి గాలిలో వేలాడాడు. చలికి వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. ఒకటి జారింది, రెండు జారాయి, అంతలో మణికట్టు మీద మసి అంటిన చెయ్యి ఒకటి పడింది. యువరాణి బోర్లా పడుకుని, కాళ్ళు రాతికి తన్ని పెట్టి, పళ్ళు బిగించి అతణ్ణి పైకి లాగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పొయ్యిల దగ్గరికి పరుగెత్తారు.

తొమ్మిది పొయ్యిలూ భగభగమన్నాయి. రత్నప్రభ చేట పట్టి విసిరింది, గన్నయ పలకలు చీల్చి లోపలికి తోశాడు. వాళ్ళ కనుబొమలు కాలాయి, వీపులు గడ్డకట్టాయి. గుహ కప్పు నుంచి మంచు ఊడలు విరిగి పక్కన పడుతున్నా ఎవరూ తల ఎత్తలేదు. పదిహేనన్నాడు కుండోదరుడు, పదిహేడన్నాడు. పద్దెనిమిదో గిన్నెకు మంచంతా కరిగి సోమక్క కొంగు నీళ్ళలో తేలింది. ముఖం మాత్రం ఇంకా రాయిలాగానే ఉంది. ఇరవై ఒకటో గిన్నెకు నీళ్ళ చల్లదనం తగ్గింది గానీ అవి గోరువెచ్చన కాలేదు. కట్టెలు అయిపోయాయి. లోయలో పడ్డ మూడు పలకలు అర మోపు. ఆ అర మోపే ఇప్పుడు తక్కువ.

గన్నయ కుండ మోసిన కావడి బద్దను విరిచి వేశాడు. చేట వేశాడు. గొడ్డలి కామ ఊడదీయబోతుంటే రత్నప్రభ అతని చెయ్యి పట్టుకుని ఆపి, తన భుజాన ఉన్న విల్లును, అమ్ముల పొదిని పొయ్యిలో పెట్టింది. దూరం నుంచి కొట్టడానికి వాళ్ళ దగ్గర ఉన్న ఆయుధం అదొక్కటే. అయినా చాలలేదు.

“అబ్బీ,” అన్నాడు వెనక నుంచి కుండోదరుడు. వాడు అంకె కాక వేరే మాట పలకడం అదే మొదలు. కూర్చున్న పీట కింద నుంచి లాగి ముందుకు తోశాడు. మద్దిచెక్క, బారెడు పొడుగు, జానెడు మందం. “గిన్నె దగ్గర్నుంచి లేవొద్దన్నాడు వాడు. పీట మీదే కూచోమని అన్లేదు. కాసింత సెగ ఇటు రానీ.”

పీట అంటుకుంది. ఇరవై రెండో గిన్నె మునుగుతుండగా గన్నయ మోచెయ్యి నీళ్ళలో పెట్టాడు. పసిబిడ్డకు పోయదగ్గ నీళ్ళు. మరుక్షణం సోమక్క వేళ్ళు అతని చేతిని తడిమాయి. ఇద్దరూ కలిసి ఆమెను బయటికి ఎత్తి గొంగళిలో చుట్టారు. ఆమె దగ్గింది, నీళ్ళు కక్కింది, కళ్ళు తెరిచింది. గన్నయ ఏడ్చేశాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

సోమక్క తమ్ముణ్ణి చూసి నవ్వబోయింది. పక్కనున్న తలపాగా మనిషిని చూసి ఆ నవ్వు ఆపేసింది.

“ఈమెను ఎందుకు తెచ్చావురా?” గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. “నేనెవరో వాడికి మొదటి రోజే తెలిసిపోయింది. రోజూ నా పక్కన నిలబడి చెప్పేవాడు, మంచులో ఉన్నా నాకు వినబడేది. నీకోసం ఆ పిల్లే నడిచి వస్తుంది, తనంతట తాను వచ్చిన రాచకన్యే హోమానికి పనికొస్తుంది అని. మీ దగ్గరికొచ్చిన ముసలాడు పారిపోయి రాలేదు, వాడు పంపాడు.”

రత్నప్రభ వంతెన ఉండిన చోటు వైపు చూసింది. ఒక్క మోకు గాలిలో ఊగుతోంది. అప్పుడే ఎదుటి శిఖరం మీద నుంచి ఏదో నల్లగా లేచింది. మాంత్రికుడు ఎక్కడికీ వెళ్ళలేదు. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని వీళ్ళ పొగ చూస్తున్నాడు, వంతెన తగలబడడం కూడా చూశాడు.

“దిగడానికి ఇంకో దారి ఏదైనా ఉందా?” అని గన్నయ భూతాన్ని అడిగాడు.

కుండోదరుడికి అబద్ధం రాదు, అడిగితే చెప్పకుండా ఉండడమూ రాదు. పూర్వం తొట్టి నీళ్ళు పోయే కాలువ గుహ వెనక సొరంగంలోకి వెళుతుందనీ, సొరంగం కొండ అడుగున తేలుతుందనీ, దాని మూతి మంచుతో పూడిపోయి వందేళ్ళయిందనీ చెప్పాడు.

గన్నయ పరుగెత్తాడు. మూతి ఒక మనిషి వంగి దూరేటంత. మంచుకు అడ్డంగా వేలెడు బీట ఉంది. అందులో విరిగిపడ్డ సన్నని మంచు ఊడ దూర్చి లోతు చూశాడు, రెండు మూరల మందం. వెడల్పు కొలిచాడు, ఎత్తు కొలిచాడు. మనసు తన పాటికి తాను పుల్లలు లెక్కపెడుతోంది. గోరువెచ్చని నీళ్ళు మళ్ళీ చల్లబడేటప్పుడు నాలుగు పుల్లల వేడి తిరిగి ఇస్తాయి. మంచుకు కావలసింది ఎనిమిది. కనుక అరవై కావళ్ళ నీళ్ళకు ముప్పై కావళ్ళ మంచు కరుగుతుంది. మూతిలో ఉన్నది ఎంత?

మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అంతే వచ్చింది.

“ఎంతరా?” అంది సోమక్క, యువరాణి భుజం మీద ఒరిగి నడిచి వస్తూ.

“ముప్పై రెండు. రెండు కావళ్ళ మంచు కరగదు అక్కా.”

రెక్కల చప్పుడు ఇప్పుడు గుహలో వినబడుతోంది. సోమక్క మంచును చూసింది, తమ్ముడి నడుమున ఉన్న గొడ్డలిని చూసింది.

“ఈ మంచులో ఎవరన్నా పడుకుని ఉన్నారా?”

“లేరు.”

“మరి పగలగొడితే ఎవరికి బీటవారుతుంది?”

గన్నయ వెనక్కి ఉరికి తొట్టి బిరడా లాగాడు. నీళ్ళు ఆవిరి కక్కుతూ కాలువ వెంట దూకి మంచును కొట్టుకున్నాయి. తెల్లని మంచు బూడిదరంగు తిరిగి, చిల్లులు పడి, చిటపటమంది. అతను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గొడ్డలి ఎత్తాడు. మొదటి దెబ్బ పడేసరికి గుహ వాకిట్లో ఎండ ఆరిపోయి, రాబందు నీడ ముగ్గురినీ కప్పింది. ఆ నీడలోంచే కుండోదరుడు, గొంతు ఏమీ మారకుండా, ఇరవై మూడన్నాడు.